ఇంటికొకరు రావాలె

నా గొంతు పెద్దది. గొప్పకు చెప్పడం లేదు, సిరిసిల్లలో పుట్టినవాళ్ళలో చాలామంది గొంతు పెద్దదే. మరమగ్గాలను మా దగ్గర సాంచలు అంటారు. పొద్దున లేస్తే సాంచల చప్పుడు, పడుకుంటే సాంచల చప్పుడు. ఆ మోతలో ఇంకొంచెం పులుసు పోయమని అడగాలన్నా అరవాల్సిందే. చుట్టాల ఊళ్ళకు పోతే "మెల్లగ మాట్లాడు పిలగా, మేం చెవిటోళ్లం గాదు" అని ఆటపట్టించేవారు. ఆ గొంతే నాకు కొలువు తెచ్చిపెట్టింది. దానితో నేను చేసిన పని మాత్రం ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

ఎనభైల చివరి సంగతి. మా వాడకట్టులో టీవీ ఒక్క ఆసామి ఇంట్లోనే ఉండేది. ఆసామి అంటే సాంచలకు యజమాని. మా బాపు ఆయన షెడ్డులోనే పనిచేసేవాడు. ఆదివారం పొద్దున ఆయన వరండాలో వాడకట్టంతా చేరేది. ఆయన కుర్చీలో, మేమంతా కింద. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆయనే చెప్పేవాడు. ఎవరైనా గట్టిగా నవ్వితే లేచి టీవీ బందు చేసేవాడు. "అయిందా నవ్వుడు? ఇగ పెట్టాల్నా?" అని అడిగి, అందరం తలలూపిన తర్వాత మళ్ళీ పెట్టేవాడు. నడుమ నడుమ హిందీలో ప్రకటనలు వచ్చేవి. మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆసామికి కూడా కాదని నా అనుమానం. కానీ ఆయన అర్థం చెప్పేవాడు.

"గా పేస్టు మంచిదంటున్నడు. రేపటిసంది అందరు గదే వాడుండ్రి."

మరునాడు షెడ్డులో ఒక్కొక్కరినీ ఆపి కొన్నారా లేదా అని అడిగేవాడు. జన్మంతా వేపపుల్లతో పళ్ళు తోముకున్న మా బాపు ఆ పేస్టు కొనుక్కొచ్చాడు. నురగ నోట్లో నిండగానే మొహం అదోలా పెట్టేవాడు. అయినా గొట్టం అయిపోయే దాకా వాడాడు.

"నీకు నచ్చనప్పుడు ఎందుకు బాపూ?" అని ఒకసారి అడిగాను.

"ఆసామి చెప్పిండు గదరా" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు.

నాకు అదంతా నవ్వులాటగా ఉండేది. ఆసామిని అనుకరించి దోస్తులను నవ్వించేవాణ్ణి. ఆసామి ఒక్కడేనా, గొంతు పెంచి మాట్లాడే ఎవరినైనా అనుకరించేవాణ్ణి. జగిత్యాలలో మా మేనమామకు మైకుసెట్ల దుకాణం ఉండేది. అక్కడ నా ఆటలు చూసి నవ్విన వాళ్ళలో కోరుట్ల టీవీ దుకాణం సేటు ఒకడు. సిరిసిల్లలో కొత్తగా ఇంకో దుకాణం తెరుస్తున్నాడు, ఊరూరా తిరిగి ప్రచారం చేయడానికి మనిషి కావాలన్నాడు. సాంచల మీద నిలబడడం తప్పుతుందని నేను ఎగిరి గంతేశాను.

పని ఇదీ. ఒక కిరాయి జీపు, దాని మీద రెండు మైకు గొట్టాలు, వెనకాల తాటిపత్రి కప్పిన టీవీ, కేసెట్లు ఆడించే డబ్బా, కరెంటుకు జనరేటరు. ఊళ్ళో తిరిగి జనాన్ని పిలవాలి. జనం చేరాక టీవీ ఆడించి చూపించాలి. కొనమని చెప్పాలి. డ్రైవరు ఒకడు, నేను ఒకణ్ణి. మొదట్లో నేనే సొంతంగా మర్యాదైన మాటలు రాసుకున్నాను. "గ్రామ ప్రజలకు నమస్కారం. మీ రాక కోసం ఎదురు చూస్తున్నాం. దయచేసి అందరూ విచ్చేయగలరు." సారంగాపూర్ వీధుల్లో రెండుసార్లు తిరిగి చదివాను. అరుగుల మీద బీడీలు చేస్తున్న ఆడవాళ్ళు తలెత్తి కూడా చూడలేదు. ముందు సీట్లో కూర్చున్న సేటు నన్నే చూస్తున్నాడు. కొలువు ఆనాడే ఊడుతుందనుకున్నాను.

సేటు కోప్పడలేదు. కోరుట్లకు తిరిగి వచ్చాక చాయ్ తెప్పించి పాఠం చెప్పాడు.

"తమ్మీ, మొన్న బందు అని గోడమీద అన్నలు రాసిండ్రు. రాత్రి రాసిండ్రు, తెల్లారి ఒక్క దుకాణం తెరువలే. నేను గూడ తెరువలే. రాసినోడు దయచేసి అన్నడా?"

"అనలే సేటు."

"పోలీసు జీపచ్చి అందరు లోపలికి పోవాలె అంటె, ఒక్క నిమిషంల బజారంత ఖాళీ. వాడు దండం పెట్టిండా?"

"పెట్టలే."

"మరి నువ్వెందుకు పెడుతున్నవు? దండం పెట్టెటోని మాట ఎవడింటడు? మాటంటె గట్లుండాలె, గట్టిగ. కాయిదం తే."

తానే రాసిచ్చాడు. నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "ఊరోళ్లందరికి తెలియజేసేది ఏందంటె, ఇంటికొకరు లెక్కన ఇప్పటికిప్పుడు ఊరి నడుమ జమ కావాలె. చేతుల పని చేతులనే ఇడిసిపెట్టి రావాలె. తలుపులు పెట్టుకొని ఇంట్ల కూసుంటె నడువది."

"మరి టీవీ ముచ్చట?" అన్నాను.

"టీవీ ముచ్చట ముందుగాల చెప్పకు. జమ అయినంక చెప్పు. జనం బరాబర్ ఉరికత్తరు, చూడు."

చదివి నవ్వాను. ఆ మాటలు ఎవరివో నాకు తెలుసు. లోపలి ఊళ్ళలో జనాన్ని జమ చేసేవాళ్ళు అప్పట్లో రెండు రకాలు. జీపుల్లో వచ్చే పోలీసులు ఒకరు, అడవిలోంచి నడిచి వచ్చే అన్నలు, అంటే నక్సలైట్లు, ఇంకొకరు. వాళ్ళకూ వీళ్ళకూ పడదు కానీ, పిలుపు మాత్రం ఒక్కటే: ఇంటికొకరు రావాలె. రాను అనడం ఉండదు. పట్నంలో ఉన్నవాణ్ణి కాబట్టి నేను అది విన్నానే తప్ప పోయి కూర్చోవాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు. అందుకే నాకు నవ్వొచ్చింది. ఏ గొంతుతో చదవాలా అన్నదే ఆలోచించాను. జీపు గొంతు పెట్టి చదివి చూపిస్తే డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. దుకాణం వాళ్ళు నాకు ఒక టోపీ, నల్ల కళ్ళద్దాలు కూడా ఇచ్చారు.

మళ్ళీ సారంగాపూర్‌కే పోయాం. అవే వీధులు. ఒక్కసారి చదివానో లేదో జనం బిలబిలమంటూ వచ్చేశారు. తాటిపత్రి లేపి టీవీ చూపించగానే అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలి నవ్వారు. "ఓయవ్వ, టీవీ ఆటనా! పానం పోయినంత పనాయె గదరా!" అని ఒక ఆడమనిషి నా వీపు మీద ఒకటి చరిచింది. అది నాకు మెచ్చుకోలులా అనిపించింది. ఆ తర్వాత ముందుకు జరగండి అంటే జరిగారు. సబ్బు ప్రకటన అయిపోయాక చప్పట్లు కొట్టమంటే కొట్టారు. సబ్బుకు చప్పట్లు! ఎవరూ ఎందుకని అడగలేదు. నేను కూడా ఎందుకని అనుకోలేదు. దాచడం ఎందుకు, అది నాకు బాగుంది. ఇంటి దగ్గర పులుసు కోసం అరిచే నేను ఒక్క మాట అంటే వందమంది కదులుతున్నారు. నా అంత మొనగాడు లేడనుకున్నాను. జగిత్యాల చుట్టుపక్కల, కోరుట్ల చుట్టుపక్కల ఆ పిలుపుతోనే తిరిగాం. టీవీలు అమ్ముడుపోయాయి. సేటు నా భుజం మీద చెయ్యేసి నన్ను వెంట తిప్పుకున్నాడు.

ఇక్కడ మా అక్క సంగతి చెప్పాలి. అక్కను ఎల్లారెడ్డిపేట దాటి వీర్నపల్లి పోయే దారిలో ఒక ఊరికి ఇచ్చారు. బావకు కొంత మెట్ట పొలం, ఒక బావి. ఎవరి జోలికీ పోని మనిషి. అంతకు ముందు ఏడు ఊళ్ళో ఇంటికొకరు అని పిలిచినప్పుడు ఆయనే పోయాడు. అన్నలకు అన్నం పెట్టావని పోలీసులు అన్నారు. జీపులో తీసుకుపోయి మూడు రోజులు ఉంచుకున్నారు. తిరిగి వచ్చేటప్పటికి ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తున్నాడు. అక్కడ ఏం జరిగిందో అక్కకు కూడా చెప్పలేదు. ఆనాటి నుంచి జీపు చప్పుడు వినిపిస్తే చాలు, తింటున్న కంచం కూడా వదిలేసి చేలల్లో పడి ఉరికేవాడు. ఇంటికొకరు అని ఎవరు పిలిచినా అక్కే పోయి కూర్చునేది.

వానాకాలం చివర్లో అక్క ఒకతే సిరిసిల్లకు వచ్చింది. బాపు ముందు ఏమీ అనలేదు. నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మీ, మీ బావను ఆ ఊరికెల్లి తియ్యాలెరా. సాంచలమీద ఏదన్న పని సూపియ్యి. గిట్ల ఉరికి ఉరికి ఒకనాడు ఏ గుంతలనో పడి సచ్చిపోతడు. నాకు నిద్ర పడుతలేదు."

ఆసామిని అడిగాను. సోమవారం నుంచి పంపమన్నాడు. అక్కకు కబురు పంపవచ్చు. కానీ నాకో తెలివైన ఆలోచన వచ్చింది. ఆదివారం నాడు ప్రచారానికి ఆ ఊరే పోదామని సేటును ఒప్పించాను. అక్క నన్ను జీపు మీద, మైకుతో చూస్తుంది. ఆట అయిపోగానే బావను అదే జీపులో ఎక్కించుకుని సిరిసిల్లకు తెస్తాను. దర్జాగా ఉంటుంది. జీపు చప్పుడుకు ఉరికే మనిషి దగ్గరికి జీపులో పోతున్నానన్న సోయి నాకు లేకపోయింది. వచ్చేది నేనే కదా అనుకున్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆదివారం పొద్దున బాగా ఎండ వచ్చాక ఊళ్ళోకి పోయాం. ఊరి మొగదల నుంచే మొదలుపెట్టాను. ఊరోళ్లందరికి తెలియజేసేది ఏందంటె. జీపు గొంతే పెట్టాను, ఇంకొంచెం బొంగురు కలిపి. ఒక తిరుగు తిరిగి ఊరి నడుమకు వచ్చేసరికి జనం అప్పటికే కూర్చుని ఉన్నారు. నేను చెప్పకముందే మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. వరుసలు కూడా తీరుగా ఉన్నాయి. రుమాళ్ళు తలల మీది నుంచి తీసి చంకల్లో పెట్టుకున్నారు. ఒకాయన కుర్చీ తెచ్చి వేశాడు. ఇంకొకాయన చెంబుతో నీళ్ళు తెచ్చి దూరంగా నిలబడ్డాడు. నేను కుర్చీలో కూర్చున్నాను. అవును, కూర్చున్నాను.

డ్రైవరు టీవీని దించి బల్ల మీద పెట్టాడు. తాటిపత్రి లేపాడు. అందరూ ఊపిరి వదిలి నవ్వుతారని చూస్తున్నాను. ఎవరూ నవ్వలేదు. ఇది టీవీ అని చెప్పాను. నేల చూస్తున్నారు. కేసెట్టు పెట్టి, అందరూ ఇటు చూడండి అన్నాను. అందరి తలలూ ఒకేసారి లేచాయి. తెర మీద ఒకమ్మాయి తలకు నూనె రాసుకుని గంతులు వేస్తోంది, వీళ్ళ మొహాల్లో ఒక్క గీత కదలడం లేదు. నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. వాతావరణం తేలిక చేద్దామని, నవ్వుతూనే, "ఇంటికొకరు అచ్చినట్టేనా మరి?" అన్నాను.

మొదటి వరుసలోంచి ఒక పెద్దాయన గబుక్కున లేచాడు. ఏ ఇంటి నుంచి ఎవరు వచ్చారో చెప్పడం మొదలుపెట్టాడు. "ఆ మూలకు తాళమేసున్నది సార్, వాళ్లు బతుకుదెరువుకు భీవండి పోయిండ్రు. కావాల్నంటె తలుపు పలుగగొట్టి సూడుండ్రి, అబద్ధమైతె నన్ను కొట్టుండ్రి" అన్నాడు. నా నోట్లో నవ్వు అట్లాగే ఆగిపోయింది. ఆయన కూర్చున్నాడు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఒకామె లేచింది. కొంగు నెత్తి నిండా కప్పుకుని, కళ్ళు తన కాళ్ళ మీదే పెట్టుకుని నిలబడింది.

"మా ఇంట్ల మగోళ్లు లేరు సార్. అందుకే నేనచ్చిన" అన్నది.

మా అక్క. నన్ను చంకన వేసుకుని పెంచిన అక్క నన్ను సార్ అన్నది. కళ్ళద్దాలు తీశాను, టోపీ తీశాను. "అక్కా" అన్నాను. తల ఎత్తలేదు. "జొరమచ్చింది సార్, దావఖానకు పోయిండు. నిజం చెప్తున్న" అన్నది. దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాను. అక్క చెయ్యి లాక్కుంది. ఆ లాక్కోవడం నా ఒంట్లోంచి ఇప్పటికీ పోలేదు. అప్పుడు కానీ నా మొహం చూడలేదు. చూసి, జీపును చూసింది. మైకు గొట్టాలను చూసింది. బల్ల మీద గంతులు వేస్తున్న అమ్మాయిని చూసింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను.

"నువ్వారా?" అన్నది. "మీ బావ ఉరికిండురా. మూడు దినాలసంది జొరం. గట్లనే ఉరికిండు."

ఆ మాట అని చేల వైపు పరుగెత్తింది. వెనకాలే నేను. మక్క చేలు నిలువెత్తు ఉన్నాయి, పక్క సాలులో మనిషి ఉన్నా కనిపించడు. అక్క ఒక దిక్కు, నేను ఒక దిక్కు పోయాం. ఆకులు మొహం మీద కోస్తున్నాయి. చాలాసేపు తిరిగాను. అప్పుడు నాకు ఇంకో తెలివైన ఆలోచన వచ్చింది. మైకు ఉంది కదా, నా పేరు చెప్పి పిలిస్తే వింటాడు కదా అని జీపు కోసం ఊళ్ళోకి ఉరికాను.

ఊరి నడుమ ఒక్కరు కూడా కదలలేదు. టీవీ ఆడుతూనే ఉంది. ఎండ నడినెత్తికి వచ్చింది, చంకల్లో రుమాళ్ళు చంకల్లోనే ఉన్నాయి. "నేను పొమ్మంటె పోతలేరు, నువ్వే చెప్పాల్నట" అన్నాడు డ్రైవరు. "అయిపోయింది, దయచేసి ఇళ్లకు పోండ్రి" అని చేతులు జోడించాను. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు కానీ లేవలేదు. పెద్దాయన నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"సార్, ఇంటికొకటి కొనాల్నా, ఊరికొకటి చాల్నా?"

నా ప్రాణం బావ మీద ఉంది. ఆయన అడ్డు తప్పుకుంటే చాలనుకున్నాను. "ఒకటి చాలు పెద్దాయనా, ఒకటి చాలు" అనేసి జీపు ఎక్కాను. అది మంగళవారం నాడు నా మెడకు చుట్టుకుంది. ఆ పెద్దాయన, ఇంకో నలుగురు సిరిసిల్ల దుకాణానికి వచ్చి, ఊరంతా వేసుకున్న పైసలు మూటగట్టి తెచ్చి, సార్ ఒకటి చాలన్నాడని చెప్పి ఒక టీవీ కొనుక్కుపోయారు. వద్దని నేను బతిమాలితే ఇంకా భయపడ్డారు. సేటు సంతోషం పట్టలేకపోయాడు. ఆ టీవీని వాళ్ళు ఎన్నడైనా పెట్టుకు చూశారో లేదో తెలుసుకునే ధైర్యం నాకు లేకపోయింది.

ఆనాడు మాత్రం నేను జీపును చేల దారి పట్టించి మైకు అందుకున్నాను. "బావా, నేనే బావా. నీ బామ్మర్దిని. భయపడకు. రా" అని పిలిచాను. నా గొంతు గుట్టకు తగిలి తిరిగి వచ్చింది. నాకే అది నా గొంతులా వినిపించలేదు. మళ్ళీ పిలిచాను, ఇంకా గట్టిగా. మక్క చేలోంచి అక్క ఉరికి వచ్చింది. వంగి గుప్పెడు మట్టి తీసి మైకు గొట్టం మీదికి విసిరింది.

"బందు వెట్టురా! నువ్వు పిలిచినకొద్ది ఇంక దూరం ఉరుకుతడు. నీకు తెలివున్నదా అసలు?"

నాకు లేదు. మైకు సీట్లో పడేసి దిగాను. ఇక ఇద్దరం కలిసే నడిచాం. సిరిసిల్లలో వీధి అవతలికి వినిపించే నా గొంతు ఆనాడు రెండు సాళ్ళు దాటితే వినిపించేలా లేదు. పొద్దు పడమటికి తిరిగాక వాళ్ళ బావి దగ్గరికి వచ్చాం. ఒడ్డున ఒక చెప్పు పడి ఉంది. అక్క దాన్ని చూసి కూలబడింది. నేను బోర్లా పడుకుని లోపలికి చూశాను.

బావ ఉన్నాడు. వానలకు బావి సగానికి పైగా నిండింది. మెట్లకు అవతలి పక్క, మోటరు పైపును రెండు చేతులతో కావలించుకుని, గొంతు లోతు నీళ్ళలో ఉన్నాడు. మొహం గోడ వైపు పెట్టుకున్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. పెదవులు నల్లబడి ఉన్నాయి.

"బావా" అన్నాను మెల్లగా. "నేను బావా. ఏం గాదు. నేనున్న. పైకి రా."

బావ తల నీళ్ళలో ముంచుకున్నాడు. ఊపిరి ఆగక పైకి లేపాడు. మళ్ళీ పిలిచాను, ఇంకా మెత్తగా. మళ్ళీ ముంచుకున్నాడు. అక్క పిలిచింది, ఏడుస్తూ పిలిచింది. ఆమె వైపు కూడా చూడలేదు. ఆమెను ముందు పెట్టుకుని ఎవరో పిలిపిస్తున్నారని అనుకున్నాడేమో. నేను మెట్లు దిగబోయాను. మూడో మెట్టు మీద నా కాలు చప్పుడు కాగానే బావ ఒక చెయ్యి వదిలి, లోతు వైపు జరిగాడు. ఆయనకు ఈత రాదు. నేను ఎక్కడివాణ్ణి అక్కడ ఆగిపోయాను. వెనక్కి పైకి ఎక్కాను. మిగిలిన ఆ ఒక్క చెయ్యి జ్వరానికి వణుకుతూ పైపు మీద కిందికి జారుతోంది.

అక్క నా వైపు తిరిగింది. ఏడుపు ఆపేసింది.

"పొద్దుగాల పిలిచినట్టు పిలువు" అన్నది.

"అక్కా, నాతోని గాదు."

"పిలువురా! చెయ్యి జారుతున్నది!"

పిలిచాను. దేవుడు నన్ను క్షమించడు. జీపు గొంతు పెట్టి, పొట్టలోంచి తెచ్చి, "ఏయ్! బయటికి రావాలె! మెట్లెక్కు! జల్ది!" అని అరిచాను. బావి గోడలు ఆ అరుపును ఇంకా పెద్దది చేశాయి. బావ వెంటనే కదిలాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పైపు వదిలి, గోడ రాళ్ళు పట్టుకుని జరుగుతూ మెట్ల దగ్గరికి వచ్చాడు. ఎక్కాడు. ఎడమ కాలును చేతులతో ఎత్తి మెట్టు మీద పెట్టుకుంటూ ఎక్కాడు. పై మెట్టు మీదికి వచ్చి, నా ముందు వంగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళు కారుతున్నాయి. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"నాకేం తెల్వది సార్" అన్నాడు.

పట్టుకుని నా మీదికి లాక్కున్నాను. ఒళ్ళు నిప్పులా కాలుతోంది. కట్టెలా బిగుసుకుని ఉన్నాడు. బావా నేను, బావా నేను అని ఎన్నిసార్లు అన్నానో. చాలాసేపటికి ఆ బిగువు కొంచెం సడలింది. మొహం పైకెత్తి నన్ను చూశాడు. తెలిసింది. అక్క ఆయన అంగీ విప్పి పిండి, తన కొంగుతో తల తుడుస్తోంది. ముగ్గురం ఒడ్డున కూర్చున్నాం. ఆ మరునాడే ఆయన్ను సిరిసిల్లకు తెచ్చుకున్నాం, ఆసామి షెడ్డులో పని చేశాడు, అన్నీ బాగానే జరిగాయి. నేను మళ్ళీ మైకు ముట్టుకోలేదు. కానీ ఆనాడు అక్కడ కూర్చుని నేను ఒక మాట అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"గంతసేపు పిలిస్తె ఎందుకు రాలే బావా? నా గొంతు గుర్తువట్టలేదా?"

"గుర్తువట్టిన" అన్నాడు. "నీ గొంతే అనిపిచ్చింది. గని మంచిగ పిలిచినవు గదా. పోయినేడు అందరం జమ అయినంక పోలీసోళ్లు గూడ నన్ను గట్లనే మంచిగ పిలిచిండ్రు. ఏం గాదు, మేమున్నం, రా తమ్మీ అన్నరు. పోయిన. అందుకే మంచిగ పిలిస్తె నమ్మలే. నువ్వు గట్టిగ అన్నంక, ఇగ తప్పదని అచ్చిన."

నన్ను తప్పు పట్టడానికి అనలేదు. అడిగాను కాబట్టి చెప్పాడు. చెప్పినంతసేపూ చేతులు కట్టుకునే ఉన్నాడు.